ఎక్కడికి మావా?

నీలాలపేట సోములు ఆ రోజు వేసుకున్న ప్రయాణంలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అయిదున్నరకి ఇల్లు కదలాలి. ఆరున్నరకల్లా కోటబొమ్మాళి చేరాలి. అక్కడ బస్సెక్కితే ఎనిమిదికి శ్రీకాకుళం, ఇంకో బస్సెక్కితే పదింటికి రాజాం. చెల్లెలు హేమ ఇంట్లో మేనకోడలు తులసికి చెవులు కుట్టే ముహూర్తం పదకొండూ నలభైకి. అంటే గంటా నలభై నిమిషాలు చేతిలో మిగులు. సంద్రంలో ఎదురుగాలికి కూడా అంత వెసులుబాటు ఇచ్చే మనిషి కాదు సోములు. ఈ ప్రయాణానికి మాత్రం ఇచ్చాడు.

ఇవ్వక ఏం చేస్తాడు మరి? మూడేళ్ళ కిందట హేమ గృహప్రవేశానికి బయల్దేరి, గుమ్మం దాటగానే ఎవరో తుమ్మారని వెనక్కొచ్చి కూర్చున్నాడు. మళ్ళీ బయల్దేరితే పిల్లి ఎదురొచ్చింది. మూడోసారి బయల్దేరి రాజాం చేరేసరికి షామియానా విప్పుతున్నారు. పాలు పొంగించే వేళకి పుట్టింటి మనిషి ఒక్కడూ లేడని అత్తవారి వైపు ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారట. అప్పుడు తులసి హేమ కడుపులో ఉంది. "నీకు శకునం కావాలో, సెల్లి కావాలో తేల్సుకో అన్నియా," అంది హేమ. ఆ మాటకి తల వంచుకుని ఊరుకుంటే సరిపోయేది. ఈయనగారు తుమ్ముల్లో ఒంటి తుమ్ము, జంట తుమ్ము తేడాలు వివరించబోయాడు. అంతే, మూడేళ్ళు మాటల్లేవు. పుట్టిన మేనకోడల్ని కళ్ళతో చూడలేదు.

ఇన్నాళ్ళకి హేమే ఫోన్ చేసింది. చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చోవాలి, అది ఎక్కడైనా ఉన్న పద్ధతే. మొదటి ఏట కుట్టాల్సింది అన్న కోసం మూడో ఏటి దాకా ఆపుకుని వచ్చిందట. "ఈసారి నువ్వు రాకపోతే నాకు అన్న లేడనుకుంటాను. ఏడిసీసి ఊరుకుంటాను," అని పెట్టేసింది. ఆ మాట విన్న రోజు నుంచి సోములుకి అన్నం సరిగ్గా దిగలేదు. భార్య దేముడమ్మని రెండు రోజుల ముందే అరిసెలు వండటానికి రాజాం పంపించాడు. తను, కూతురు దుర్గాభవాని ముహూర్తం నాటి ఉదయం బయల్దేరాలి. పిల్లకి కొన్న బంగారు దుద్దులు చొక్కా లోపలి జేబులో పెట్టి, జేబుకి పిన్నీసు గుచ్చాడు.

ఇక్కడ శకునం సంగతి కొంచెం చెప్పుకోవాలి. బయటికి వెళ్ళే మనిషిని "ఎక్కడికి" అని అడక్కూడదు. అడిగితే ఆ పని చెడుతుంది. ఇది అందరికీ తెలిసిందే. సంద్రం మీద బతికే నీలాలపేటలో ఇది మరీ ఎక్కువ. అందుకే అక్కడ "దూరవా మావా?" అని అడుగుతారు తప్ప, చచ్చినా ఎక్కడికని అడగరు. ఎవరైనా నోరు జారి అడిగితే వెనక్కి వెళ్ళి, కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాలి. మిగిలినవాళ్ళు ఈ నియమాన్ని వీధి మలుపు దాకా పాటిస్తారు. సోములు గమ్యం చేరేదాకా పాటిస్తాడు. ఊరి పొలిమేర లోపల అడిగితే ఇంటికి తిరిగి రావడం, పొలిమేర దాటాక అడిగితే ఉన్న చోటే కింద కూర్చోవడం. ఇందులో వాదన లేదు, మినహాయింపు లేదు.

రెండు వారాల కిందట ఐసు లారీ వేసుకుని శివాజీ అనే డ్రైవరు ఊళ్ళోకి కొత్తగా వచ్చాడు. పాతపట్నం మనిషి, సంద్రం మర్యాదలు తెలీవు. వల భుజాన వేసుకుని పోతున్న సోములుని చూసి, పాపం మంచికే, "ఎక్కడికి మావా?" అన్నాడు. సోములు గిరుక్కున వెనక్కి తిరిగి ఇంటికొచ్చాడు. అరుగు మీద ఎండు చేపలు ఏరుతున్న దేముడమ్మ తల కూడా ఎత్తకుండా "కూకో. నీళ్ళు తాగు. ఎల్లు," అంది. సోములు కూర్చున్నాడు, తాగాడు, వెళ్ళాడు. "ఏటి మావా మళ్ళీ వచ్చేసినావు, ఎక్కడికి?" అన్నాడు శివాజీ. అలా నాలుగుసార్లు. నాలుగోసారి శివాజీకి ఎవరో విషయం చెప్పారు. అతను కంగారుపడి క్షమాపణ అడగడానికి సోములు వెనకే ఇంటికొచ్చాడు. దేముడమ్మ అప్పుడూ తల ఎత్తలేదు. అతనికి కూడా "కూకో. నీళ్ళు తాగు. ఎల్లు," అంది. అతనూ కూర్చుని, తాగి, దండం పెట్టి వెళ్ళాడు.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న దుర్గాభవాని ఇదంతా ఫోన్లో తీసి, నవ్వు ఆపుకోలేక క్లాసు గ్రూపులో పెట్టింది. అది నెట్టు చౌకైన ఏడాది. రిక్షా తొక్కేవాడి దగ్గర్నుంచి రైసు మిల్లు ఓనరు దాకా అందరి చేతుల్లోనూ ఫోన్లే, అందరికీ తీరికే. రాత్రికి ఆ వీడియో జిల్లా దాటింది. పరీక్ష తప్పినవాడికి స్నేహితులు "కూకో, నీళ్ళు తాగు, ఎల్లు" అని పంపారు. క్రికెట్లో మనవాడు సున్నాకి వెనుదిరిగితే అదే మాట. పెళ్ళిచూపుల్లో కాదనిపించుకున్నవాడికీ అదే. నాలుగో రోజుకి ఆ మూడు మాటలు కొట్టడానికి కూడా కుర్రకారుకి బద్ధకమేసి "కేఎన్ఈ" అని మూడక్షరాలు చేశారు. ఆరో రోజుకి అక్షరాలూ పోయాయి. గ్లాసు బొమ్మ ఒకటి పెడితే చాలు, ఎవడి పని చెడిందో అందరికీ తెలిసిపోయేది.

ఇక ఆ మాట ఎక్కడ పుట్టిందనే దాని మీద పెద్దలు పడ్డారు. విజయనగరంలో ఒకాయన, ఇది పూర్వం కోటలో పహరా మారేటప్పుడు భటులకి చెప్పే మాటని రెండు పేజీలు రాశాడు. కాదు, ఒడిశా వైపు నుంచి వచ్చిందని పాతపట్నం వాళ్ళు. బయల్దేరే ముందు కూర్చుని నీళ్ళు తాగితే కిడ్నీలు శుభ్రపడతాయని, పేరు లేని డాక్టరొకాయన చెప్పినట్టుగా పొడుగాటి సందేశం ఒకటి ఊరూరా తిరిగింది. దేముడమ్మ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. బొత్తాల ఫోను వాడే సోములుకి ఇవేమీ తెలీవు. సంతలో తనని చూసి నలుగురు నవ్వితే, తన మీద అభిమానం అనుకుని మీసం సవరించుకునేవాడు.

సరే, ముహూర్తం రోజు. దుర్గాభవానికి ఒళ్ళు నిలవడం లేదు. అత్తని చూసి మూడేళ్ళయింది. కొత్త చొక్కాలో నాన్నని నిలబెట్టి ఫోటో తీసి, ఇవాళ రాజాం వెళ్తున్నామని, పదకొండూ నలభైకి మేనమామ ఒళ్ళో పాప చెవులు కుట్టాలని రాసి అందరికీ కనిపించేలా పెట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. కింద ఇంకో వాక్యం చేర్చింది. "దయచేసి దారిలో మా నాన్నని ఎక్కడికని ఎవరూ అడగొద్దు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈ పిల్ల అడుసులో దిగి, ఎవరూ బురద చల్లొద్దని చాటింపు వేసింది.

మొదటి దెబ్బ పక్కింట్లోంచే తగిలింది. బుల్లమ్మకి ఎనభై ఏళ్ళు. పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ ఆ మాట అడిగిన మనిషి కాదు. అలాంటిది వాకిట్లో కూర్చుని, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వుతూ, "ఎక్కడికిరా సోములూ?" అంది. సోములు ఒక్క క్షణం నమ్మలేకపోయాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. ఇంట్లో దేముడమ్మ లేదు కాబట్టి ఆ మూడు మాటలూ దుర్గాభవాని చెప్పాల్సి వచ్చింది. ఆమె నవ్వుతూ చెప్పింది. సోములుకి తృప్తి కలగలేదు. "మీ అమ్మ సెప్పినట్టు సెప్పే," అని మళ్ళీ చెప్పించుకున్నాడు. రెండోసారి వలలు బాగుచేసేవాళ్ళు అడిగారు. మూడోసారి ఆటో దగ్గర ఎవరో అడిగి చెట్టు వెనక దాక్కున్నారు. పొలిమేర దాటేసరికి ఆరూ ముప్పావు, కడుపులో మూడు చెంబులు.

కోటబొమ్మాళిలో ఆటో దిగేసరికి పాతికమంది కాలేజీ పిల్లలు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. పెళ్ళివారికి ఎదురు సన్నాహం చేసినట్టుంది గాని, చేతుల్లో పన్నీరు బుడ్లకి బదులు ఫోన్లున్నాయి. పాతికమందీ ఒక్క గొంతుతో "ఎక్కడికి మావా?" అన్నారు. సోములు కిళ్ళీ కొట్టు ముందు కింద కూర్చున్నాడు. కొట్టువాడు మహదానందంగా నీళ్ళ పేకెట్టు చింపి ఇచ్చాడు. తాగి లేచాడు. వెనక వరస మళ్ళీ అడిగింది. మళ్ళీ కూర్చున్నాడు. ఈలోగా శ్రీకాకుళం బస్సు ఆయన కళ్ళ ముందే వచ్చి, ఆయన కళ్ళ ముందే వెళ్ళిపోయింది.

తర్వాతది ప్రైవేటు బస్సు. బస్సుల్లో సోములుకి ఓ ఉపాయం ఉంది. కండక్టరు నోరు తెరవక ముందే ఊరి పేరు చెప్పేస్తాడు. అప్పుడు అడగాల్సిన పని ఉండదు, శకునం చెడదు. ఆ రోజూ అలాగే "శీకాకులం రెండు," అని డబ్బు ముందే చేతిలో పెట్టేశాడు. కండక్టరు బుద్ధిగా టిక్కెట్లు చింపి ఇచ్చాడు. ఇచ్చాక వంగి, చెవి దగ్గర మెల్లగా, "అది సరే మావా, ఇంతకీ ఎక్కడికి?" అన్నాడు.

బస్సు ఆపించి, దిగి, మైలురాయి పక్కన కూర్చుని, నీళ్ళు తాగి, ఎక్కాడు సోములు. బస్సంతా చప్పట్లు కొట్టింది. నాలుగు మైళ్ళు పోయాక వెనక సీటు నుంచి ఎవరో అడిగారు. మరికాసేపటికి ముందు సీటు. ఆ తర్వాత అడిగిన ముసలామెకి పాపం ఏమీ తెలీదు, పక్కన మనిషి ఉంటే మర్యాదకి అడిగింది. తెలియక అడిగినా శకునం శకునమే. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం. ఇంకో సంగతేమిటంటే, అన్ని నీళ్ళు తాగిన మనిషి కోసం, ఎవరూ ఏమీ అడక్కపోయినా, బస్సు మరో మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. మొదట చప్పట్లు కొట్టినవాళ్ళే తర్వాత డ్యూటీకి ఆలస్యమవుతోందని గొడవపెట్టారు. దుర్గాభవాని మొహం కందగడ్డయింది. నాన్న చెయ్యి పట్టుకుని, తప్పంతా తనదేనని, ఆ వాక్యం రాయకుండా ఉండాల్సిందని చెప్పేసింది. సోములుకి సగం అర్థమైంది. ఆ సగంతోనే గుండె జారింది.

శ్రీకాకుళంలో దిగేసరికి పది. రాజాం బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. మళ్ళీ పదీ ఇరవైకి. బస్టాండు బయట జనం మూగి ఉన్నారు. సోడాబండివాడు సోములు కోసం ప్రత్యేకంగా స్టూలు వేసి, దాని మీద తువ్వాలు పరిచాడు. ఒకడు అడిగితే కూర్చున్నాడు. లేవగానే ఇంకొకడు. లేవడం, కూర్చోవడం, తాగడం. తాగినది పోయడానికి వెళ్ళి రావడం. తిరిగి వస్తుంటే మళ్ళీ అడగడం. సోములు పొట్ట చొక్కా బొత్తాల్ని తోస్తోంది. కళ్ళల్లో కూడా నీళ్ళే కనిపించాయి.

అప్పుడు దేముడమ్మ ఫోన్ చేసింది. దుర్గాభవాని ఫోన్ నాన్న చెవి దగ్గర పెట్టింది. దేముడమ్మ తిట్టలేదు, అదే సోములుకి ఎక్కువ భయం వేసింది. ఆయన ఎక్కడ దిగాడో, ఎక్కడ కూర్చున్నాడో, ఎన్ని గ్లాసులు తాగాడో అంతా రాజాంలో ఇంటినిండా వచ్చిన చుట్టాలు ఫోన్లలో చూస్తున్నారట. పడి పడి నవ్వుతున్నారట.

"హేమ నవ్వుతున్నాదా?" అన్నాడు సోములు.

"నవ్వలేదు. ఏడవనూ లేదు. పీట మీద అప్పలసూరిని కూకోబెట్టీమని మొగుడికి సెప్పీసింది."

అప్పలసూరి వాళ్ళ పెదనాన్న కొడుకు. వరసకి అతనూ మేనమామే. పద్ధతికి లోటు రాదు. సోములుకి మాత్రం చెల్లెలు లేకుండా పోతుంది.

"ఇను," అంది దేముడమ్మ. "ముప్పై ఏళ్ళు నీతో కాపరం సేసి ఒక్కనాడు కాదన్లేదు. కూకోమన్నాను, తాగమన్నాను. ఇయాల సెప్తన్నాను. కూకోకు."

ఫోన్ పెట్టేసింది. చుట్టూ జనం సోములు స్టూలు మీంచి లేస్తాడని ఎదురుచూస్తున్నారు. లేచాడు. ఎవరో కుర్రాడు, సరిగ్గా సమయం చూసుకుని, "ఎక్కడికి మావా?" అన్నాడు.

సోములు ఆ కుర్రాడి వైపు తిరిగాడు. గొంతులో సంద్రపు గాలి మీద కేకేసే బలమంతా ఉంది. "నా సెల్లి కాడికి. రాజాం. నా మేనగోడలికి సెవులు కుడతన్నారు, నాను ఒళ్ళో కూకోబెట్టుకోవాల. ఇంకేటైనా అడగాలా?"

పుట్టిన యాభై ఏళ్ళలో ఆ ప్రశ్నకి ఆయన సమాధానం చెప్పడం అదే మొదటిసారి. జనం నోళ్ళు మూతపడ్డాయి. ఫోన్లు మాత్రం మూతపడలేదు. ఆకాశం మీద పడుతుందేమోనని సోములు ఒకసారి పైకి చూశాడు. పడలేదు.

పదీ ఇరవై బస్సెక్కితే పన్నెండవుతుంది. ఏం చెయ్యాలో తోచక రోడ్డు మీదికి వచ్చేసరికి ఐసు లారీ ఒకటి కీచుమంటూ ఆగింది. అందులో శివాజీ. పొద్దుట్నుంచీ ఆయన అవస్థ ఫోన్లో చూస్తూ, ఇదంతా తను అడిగిన ఒక్క మాట వల్లేనని కుమిలిపోయి, శ్రీకాకుళంలో ఐసు దింపగానే ఖాళీ లారీతో వచ్చేశాడు. తలుపు తీసి దండం పెట్టాడు. ఇకముందు జన్మలో ఎవర్నీ ఆ మాట అడగనని ఒట్టు పెట్టుకున్నాడట. అడగాల్సిన పని కూడా లేదు. సోములు ఎక్కడికి వెళ్తున్నాడో ఆ జిల్లాలో తెలియనిది సోములు తాగిన నీళ్ళకి మాత్రమే.

తండ్రీ కూతుళ్ళని ఎక్కించుకున్న లారీ గంటా పది నిమిషాల్లో రాజాం చేరింది. బజారు వీధిలో సందు ఇరుకు, లారీ పోదు. పదకొండూ ఇరవై అయిదు. సోములు దిగి పరుగందుకున్నాడు. కొట్లలోంచి, మేడల మీంచి, మిఠాయి బళ్ళ దగ్గర్నుంచి అదే ప్రశ్న. ఆయన ఆగలేదు. ఆగకపోవడం కొత్త కాబట్టి, చూద్దామని జనం వెంటపడ్డారు. హేమ ఇల్లు చేరేసరికి వెనక యాభైమంది.

పందిట్లో పీట మీద అప్పలసూరి కొత్త కండువాతో కూర్చుని ఉన్నాడు. సోములుని చూసి లేచి పక్కకి తప్పుకున్నాడు. హేమ గుమ్మంలో నిలబడింది. చిక్కింది. పలకరించలేదు. ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్ల మాత్రం ముందుకొచ్చింది. పట్టు పరికిణీ, తలనిండా కనకాంబరాలు. ఈ మనిషిని తను రెండు వారాలుగా ఫోన్లో చూస్తోంది. ఈయన్ని ఏమని పలకరించాలో ఆ పిల్లకి బాగా తెలుసు.

"ఎక్కలికి మావా?" అంది తులసి.

వంటింట్లోంచి వచ్చిన దేముడమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సోములు మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీ కాడికేనే అమ్మా. మూడేళ్ళయింది బయల్దేరి," అన్నాడు.

హేమ మొహం పక్కకి తిప్పుకుంది. ఆమె మొగుడు హరిబాబు బావ చెయ్యి పట్టుకుని పీట దగ్గరికి నడిపించాడు. అప్పుడు టైము పదకొండూ ముప్పై. సోములు కూర్చున్నాడు, పిల్ల ఒళ్ళోకి వచ్చింది. పసుపు, కుంకుమ, సోములు పిన్నీసు తీసి పళ్ళెంలో పెట్టిన దుద్దులు అన్నీ సిద్ధం. చెవులు కుట్టే కంసాలి జగన్నాధం ఒక్కడే లేడు.

తొమ్మిదింటికే రావాల్సిన మనిషి. ఇల్లు మూడు సందుల అవతల. హరిబాబు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సోములు పిల్లని చంకనేసుకుని తనే వెళ్ళాడు. జగన్నాధం అరుగు మీద, పనిముట్ల పెట్టె పక్కన పెట్టుకుని, చెంబు ఎదురుగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. సోములు అడుగుల చప్పుడుకి కళ్ళు తెరిచి, లేచి కాళ్ళకి దండం పెట్టబోయాడు.

సంగతేమిటంటే, వీడియో చూసి ఊరంతా నవ్వితే జగన్నాధం నవ్వలేదు. ఆలోచించాడు. నలభై ఏళ్ళుగా శకునం చూసుకోకుండా పిల్లల చెవులు కుడుతున్నాడు. ఎందరి చెవులు చీము పట్టాయో ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి నియమం పట్టాడు. ఆ సంగతి వీధికి తెలిసిపోయింది. పొద్దుట తొమ్మిది నుంచి ఎనిమిదిసార్లు బయల్దేరాడు, ఎనిమిదిసార్లూ వీధి మొగలో ఎవరో ఒకరు అడిగారు.

"నువ్వే కదా బాబూ కళ్ళు తెరిపించినావు," అన్నాడు జగన్నాధం భక్తిగా. "అడిగీసినాక ఎలాగొస్తాను సెప్పు."

శకునం లేదు, గాడిద గుడ్డూ లేదు, తను గంట కిందటే తేల్చుకుని వచ్చానని సోములు చెబుదామనుకున్నాడు. కాని ఆ కళ్ళల్లో ఉన్న పట్టుదల ఆయనకి పరాయిది కాదు. అలాంటి మనిషిని చెల్లెలు చెప్పినా, పెళ్ళాం చెప్పినా కదపలేరు. యాభై ఏళ్ళు ఎవరూ కదపలేకపోయిన మనిషికి ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా? పదకొండూ ముప్పై నాలుగు.

"నువ్వు రావద్దు. కూకునే ఉండు, అస్సలు లెగకు," అని చెప్పి వెనక్కి పరిగెత్తాడు.

పందిట్లోకి వచ్చి ఒక్క కేక పెట్టాడు. అప్పలసూరి పీట ఎత్తుకున్నాడు. దేముడమ్మ పళ్ళెం పట్టుకుంది. హరిబాబు మేళగాళ్ళని లేపాడు. చుట్టాలు, చుట్టాల పిల్లలు, సోములు వెంటవచ్చిన యాభైమంది, అరిసెల బుట్టలతో సహా వీధిలో పడ్డారు. అన్నిటికన్నా ముందు సోములు, భుజం మీద తులసి, పక్కన హేమ. నడుస్తూ హేమ అన్న చొక్కా అంచు పట్టుకుంది. సందు మలుపులో కొట్టు అరుగు మీద నించున్న గున్నమ్మ అనే ఆవిడ, ఇంత ఊరేగింపు చూసి ఆగలేక, "ఎక్కడికే హేమా?" అని అడిగింది.

సోములు ఉలిక్కిపడి చెల్లెలి వైపు చూశాడు.

"మా అన్న ఎక్కడికి తీసికెల్తే అక్కడికి," అంది హేమ. నడక ఆపలేదు.

పదకొండూ నలభైకి, జగన్నాధం ఇంటి అరుగు మీద, సోములు ఒళ్ళో తులసి చెవులు కుట్టారు. లేచి నిలబడాల్సిన అవసరం లేకపోవడంతో జగన్నాధం చెయ్యి ఇసుమంత కూడా వణకలేదు. మొదటి చెవికి పిల్ల కెవ్వుమంది. రెండో చెవికి మేనమామ మీసం పీకింది. మేళం మోగింది. గున్నమ్మతో సహా వీధి వీధంతా అక్షింతలు వేసింది. హేమ అప్పుడు ఏడ్చింది. అన్న భుజం మీద తల పెట్టి, తనూ పంతానికి పోయి మూడేళ్ళు ఫోన్ చెయ్యలేదని, అందులో తప్పు తనదీ ఉందని చెప్పింది. సోములు తనకి చేతనైన ఓదార్పు ఏదో అన్నాడు గాని, ఆ మాటలు మేళంలో కలిసిపోయాయి. దుర్గాభవాని మాత్రం కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ పట్టుకునే ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది?

భోజనాలయ్యాయి. అరిసెల డబ్బా, హేమ పెట్టిన బట్టలు సర్దుకుని సాయంత్రం అయిదింటికి సోములు, దేముడమ్మ, దుర్గాభవాని బస్టాండుకి వచ్చారు. దారిలో ఏడెనిమిది గుంపులు ఎదురయ్యాయి. సోములు ముందుజాగ్రత్తగా సమాధానాలు సిద్ధం చేసుకున్నాడు. శకునం నమ్మకపోయినా, మర్యాదకి ఒకసారి ఆగి చెప్పాలి కదా అనుకున్నాడు. ఎవరూ అడగలేదు. మొదట చూడలేదేమోననుకున్నాడు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని బస్టాండు చుట్టూ రెండుసార్లు నడిచాడు. కాలేజీ పిల్లలు పదిమంది ఆయన పక్కనుంచే, ఫోన్లలో తలలు పెట్టుకుని, నవ్వుకుంటూ పోయారు.

"నెట్టు పోయిందేటే?" అని కూతుర్ని అడిగాడు.

నెట్టు బాగానే ఉందని దుర్గాభవాని చెప్పింది. అత్త అన్న మాట తను మధ్యాహ్నం పెట్టిందట. మూడింటికల్లా రెండు జిల్లాలూ పాకిపోయిందట. ఇప్పుడు ఎవడిని ఏమడిగినా "మా అన్న ఎక్కడికి తీసికెల్తే అక్కడికి" అంటున్నారట. ఓటెవరికంటే అదే, సినిమా ఏదంటే అదే. నాలుగున్నరకి దాన్ని కూడా మూడక్షరాలు చేసేశారు.

"నీది పాతదైపోనాది నాన్నా," అంది నెమ్మదిగా.

సోములు ఆ సాయంత్రం రాజాం నుంచి నీలాలపేట దాకా, ఎవరూ ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా, మూడుముప్పావు గంటల్లో, మొహం గంటు పెట్టుకుని చేరాడు.